ఎర్రచందనం, కలివికోడి: ఒకే కొండ దగ్గర రెండు రకాల ముప్పు

కడప జిల్లాలో లంకమల కొండల వాలు మీద ఎర్రచందనం పెరుగుతుంది. అదే కొండ దిగి, బండలు పలచబడి నేల చదునయ్యే చోట, ముళ్లపొదల మధ్య కలివికోడి తిరిగేది. రెండు తావుల మధ్య దూరం కొన్నిచోట్ల నడిచి పోయేంతే ఉంటుంది. ఒకటి చెట్టు, ఇంకొకటి పిట్ట. చెట్టు పేరు వినని తెలుగువాళ్లు దాదాపు ఉండరు. పిట్టను కళ్లారా చూసినవాళ్లు మాత్రం బహు కొద్దిమంది.

ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం, అంటే ఐయూసీఎన్, తయారుచేసే ఎర్ర జాబితాలో రెండూ ఉన్నాయి. ఎర్రచందనం 'అంతరించే ప్రమాదం' ఉన్న వర్గంలో ఉంది. కలివికోడి దానికి పై మెట్టు, అంటే 'అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రం' అనే వర్గంలో ఉంది. జాబితా మాత్రమే చూసినవాళ్లకు ఇది ఒక్క మెట్టు తేడాగా కనిపిస్తుంది. నిజానికి ఈ రెండింటికీ వచ్చిన కష్టాలు ఒకే రకానివి కావు, ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయదు. చెట్టుకు ముప్పు దాని విలువ బాగా తెలిసినవాళ్ల నుంచి వస్తోంది. పిట్టకు ముప్పు, అది అక్కడ ఉందన్న సంగతే తెలియకుండా కాలువకో తోటకో గీత గీసేవాళ్ల నుంచి వస్తోంది.

ముందు చుట్టరికాల సంగతి

ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలినస్. చందనం అనగానే చాలామంది దీన్ని శ్రీగంధానికి అన్నదమ్ముల వరసలో పెడతారు. అది పొరపాటు. శ్రీగంధం శాంటలేసీ కుటుంబానికి చెందిన చెట్టు. పక్క చెట్ల వేళ్లకు తన వేళ్లు తగిలించి నీరూ లవణాలూ లాక్కునే సగం పరాన్నజీవి. దాని విలువంతా వాసనలో ఉంది. ఎర్రచందనానిది ఫాబేసీ, అంటే కంది, చిక్కుడు, శనగల కుటుంబం. దీని చెక్కకు చెప్పుకోదగ్గ వాసన లేదు. ఉన్నది రంగు. ఆ రంగునిచ్చే పదార్థం పేరు శాంటలిన్. 

ఫాబేసీ చాలా పెద్ద కుటుంబం కాబట్టి అంతవరకు చెప్పి వదిలేస్తే పెద్దగా తెలిసేదేమీ ఉండదు. ఇంకొంచెం లోపలికి వెళ్తే ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. జన్యు ఆధారాలతో గీసిన వంశవృక్షంలో టెరోకార్పస్ ప్రజాతి ఉన్న కొమ్మలోనే వేరుశనగ కూడా ఉంది. రాయలసీమ చేలల్లో కనిపించే వేరుశనగ మొక్కా, ఆ చేల వెనక కొండ మీద పెరిగే ఎర్రచందనమూ, కంది, శనగలకన్నా ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు. దగ్గర్లోని అడవుల్లో పెరిగే వేగిస, అండమాన్ దీవుల పడౌక్ ఇంకా దగ్గరివి, ఒకే ప్రజాతి. టెరోకార్పస్‌లో ముప్పైకి పైగా జాతులున్నాయి, ఆఫ్రికా, ఆసియా, దక్షిణ అమెరికా ఉష్ణ ప్రాంతాల్లో పరుచుకుని ఉన్నాయి.

కలివికోడి వైపు కథ వేరు. దీని శాస్త్రీయ నామం రైనోటిలస్ బైటార్క్వేటస్. సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ సేకరించిన నమూనా ఆధారంగా 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని వర్ణించాడు. అందుకే ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు. పేరులో కోడి ఉన్నా ఇది కోళ్ల జాతి కాదు, గ్లారియోలిడే కుటుంబపు పక్షి. ఆ కుటుంబం ఉన్న క్రమం కారాడ్రిఫార్మిస్. తీతువులు, సముద్రపు గల్ పక్షులు, తామరాకుల మీద నడిచే జకానాలు అన్నీ ఆ క్రమంలోవే. నీటి ఒడ్డున బతికే బలగం మధ్య, నీటితో పెద్దగా పనిలేకుండా మెట్టనేలల్లో పరుగెత్తే శాఖ ఇది. 

మన దేశంలో పగటిపూట దుక్కి నేలల్లో, బీళ్లలో కనిపించే కోర్సర్ ఒకటుంది గానీ దాని ప్రజాతి వేరు. కలివికోడి ప్రజాతిలోని మిగతా జాతులన్నీ ఆఫ్రికాలోనే ఉన్నాయి. అంటే ఆసియా మొత్తానికి ఆ ప్రజాతి ప్రతినిధి ఇదొక్కటే. ఎర్రచందనం అంతరించిపోతే పోయేది ఒక అపురూపమైన జాతి, అయినా దాని దగ్గరి బంధువులు చుట్టుపక్కల అడవుల్లోనే ఉంటాయి. కలివికోడి పోతే ఈ ఖండంలో ఆ కొమ్మే ఉండదు. ప్రజల్లో పేరు, మార్కెట్ ధర, పత్రికల్లో చోటు చూస్తే మాత్రం కొలతలు తలకిందులవుతాయి.

వర్గీకరణ అంటే పుస్తకాల్లోని లాటిన్ పేర్ల గొడవ అనుకుంటాం గానీ, ఈ రెండు జాతుల విషయంలో అది నేల మీద రోజూ ఎదురయ్యే పని. ఓడరేవులో కంటైనర్ తెరిచినప్పుడు దుంగకు ఆకులుండవు, పూలుండవు, కాయలుండవు. ఉన్నది చేవ మాత్రమే. అది టెరోకార్పస్‌లోని ఏ జాతిదో తేల్చకపోతే కోర్టులో కేసు నిలబడదు. చెక్క రంగు, బరువు, సూక్ష్మదర్శినిలో కనిపించే కణాల అమరిక చూస్తారు, అవసరమైతే డీఎన్‌ఏ దాకా వెళ్తారు. ఎర్రచందనం చేవ ఎంత చిక్కనిదంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఒక్క ఆ పరీక్షతో జాతి తేలిపోదు కానీ, మామూలు కలప కాదన్న అనుమానం రావడానికి సరిపోతుంది.

కలివికోడికి ఈ చిక్కు ఇంకోలా వచ్చింది. పిట్ట కనిపించదు కాబట్టి దాని అడుగు గుర్తు పట్టాలి. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి సన్నని పట్టీలు తయారుచేశారు. తెల్లారి వచ్చి ఆ మట్టిలో పడ్డ గుర్తులు చూసేవారు. కోర్సర్లకు వెనక వేలు ఉండదు, ముందుకు మూడు వేళ్ల ముద్ర పడుతుంది. అదే నేలలో తిరిగే తీతువులు, మరో కోర్సర్, ఇతర పక్షుల ముద్రల కొలతలతో పోల్చి, ఇది కలివికోడిదే అని తేల్చేవారు. గుర్తు దొరికిన చోట కెమెరా పెడితే కొన్నిసార్లు ఫొటో పడేది. మనిషి పిట్టను వెంటాడటం కాకుండా, పిట్ట తనంతట తాను సంతకం పెట్టి పోయేలా చేసే ఈ పద్ధతి, ఆ అడవిలో జరిగిన పనుల్లో అన్నిటికన్నా తెలివైనదని చెప్పొచ్చు.

వాలు ఒకరిది, అంచు ఒకరిది

ఎర్రచందనం ఇల్లు తూర్పు కనుమల దక్షిణ కొస. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, నల్లమల దక్షిణ భాగం. ఉమ్మడి కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లోనే ఎక్కువ. కర్నూలు, ప్రకాశం వైపు కొంత, తమిళనాడు సరిహద్దు అడవుల్లో కొంత. నేల చూస్తే వ్యవసాయానికి ఎవరూ కోరుకోనిది. క్వార్ట్‌జైట్, పలకరాయి విరిగి ఏర్పడిన గులకమట్టి, పలచని పొర, నీరు నిలవని వాలు. వేసవిలో ఆకు రాల్చేసే పొడి అడవి అది.

చెట్టు మరీ పెద్దదేమీ కాదు. నల్లటి బెరడు నిలువునా అడ్డంగా పగిలి, మొసలి వీపులా దీర్ఘచతురస్రపు పెళ్లలుగా కనిపిస్తుంది. గీస్తే ఎర్రని జిగురు కారుతుంది. ఆకుకు మూడు రెబ్బలు. ఎండలు ముదిరే వేళ పసుపు పూలు పూస్తుంది, తేనెటీగలు ముసురుతాయి. కాయ గుండ్రంగా, బిళ్లలా ఉంటుంది. నడుమ గింజ, చుట్టూ పలచని రెక్క. గాలికి కొంతదూరం ఎగిరి రాళ్ల మధ్య పడుతుంది. నరికితే మోడు నుంచి మళ్లీ చిగుళ్లు వేస్తుంది. అందుకే నరికివేత జరిగిన అడవి కూడా దూరం నుంచి పచ్చగానే ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో అడవి తగ్గినట్టు కనిపించదు. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, లావు చెట్లు లేవు, మోళ్ల చుట్టూ సన్నని కొమ్మల గుంపులున్నాయని.

ఈ చెట్టు చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. లేత చెట్టులో ఉండేది ఎక్కువగా తెల్ల చెక్క, దానికి ధర లేదు. కాబట్టి నరికేవాడి కన్ను ఎప్పుడూ వయసొచ్చిన చెట్టు మీదే. గింజలు బాగా ఇచ్చేవీ అవే. ఒక జాతిలో చెట్ల సంఖ్య లక్షల్లో ఉన్నా పెద్దవి వరసగా పోతుంటే ఆ జాతి క్షీణిస్తున్నట్టే. ఎర్రచందనాన్ని ప్రమాద జాబితాలో పెట్టడానికి కారణం తలల లెక్క కాదు, తగ్గుదల వేగం. మూడు తరాల కాలంలో 50 నుంచి 80 శాతం తగ్గిందన్నది ఐయూసీఎన్ అంచనా. చెట్టుకు ఒక తరం అంటే మనిషి లెక్కలో చాలా ఎక్కువ కాలం. ఇవాళ కట్టిన లెక్క మన తాతల నాటి నరుకుడును కూడా కలుపుకుంటుంది.

ఈ లెక్క ఎంత సున్నితమైనదో దాని చరిత్రే చెబుతుంది. 1990ల చివర్లో ఎర్రచందనం ప్రమాద వర్గంలో ఉండేది. 2018లో ఒక్కసారిగా రెండు మెట్లు దింపి 'ముప్పుకు దగ్గర' అనే వర్గంలో పెట్టారు. మరికొన్నేళ్లకే మళ్లీ ప్రమాద వర్గంలోకి ఎక్కించారు. అంత తక్కువ కాలంలో అడవి బాగుపడి మళ్లీ పాడైపోలేదు కదా. మారింది అంచనా. దీన్ని పట్టుకుని శాస్త్రవేత్తలకే స్పష్టత లేదని వెక్కిరించడం తేలిక. కొండకొండకూ చెట్ల వయసు తేడాగా ఉండే జాతికి ఒక్క ముద్ర వేయాల్సి వస్తే ఇలాంటి తడబాటు తప్పదు.

కలివికోడికి కావలసిన నేల ఇంకా సన్నని కొలతల్లో ఉంటుంది. పూర్తి అడవి వద్దు, పూర్తి బయలు వద్దు. కొండ పాదాల దగ్గర కలివి, రేగు, తుమ్మ లాంటి ముళ్లపొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. 2000ల తొలి ఏళ్లలో లంకమల పరిసరాల్లో జరిగిన పరిశోధన దీన్ని అంకెల్లో చెప్పింది. హెక్టారుకు రెండు మీటర్లు దాటిన పెద్ద పొదలు 300 నుంచి 700 వరకు, అంతకన్నా పొట్టి పొదలు వెయ్యిలోపు ఉన్న చోట ఈ పిట్ట ఉండే అవకాశం ఎక్కువ. పొదలు పలచబడితే దాక్కోవడానికి చోటుండదు. చిక్కబడితే నడవడానికి దారుండదు. రాత్రిపూట తిరిగి చెదలు, చీమలు, చిన్న పురుగులు తినే పిట్టకు నేల కనిపించాలి, తల మీద నీడా ఉండాలి.

ఇక్కడొక చిక్కుంది. అలాంటి పొదల అడవి దానంతటదే అదే స్థితిలో ఉండిపోదు. మేకలు, గొర్రెలు, పశువులు మేయడం, ఊళ్లవాళ్లు వంటచెరకు కోసం కొమ్మలు కొట్టుకోవడం వల్ల పొదల మధ్య ఖాళీ మిగిలి ఉంటుంది. మేత మరీ ఎక్కువైతే పొదలే పోతాయి. మనుషుల్నీ మందల్నీ పూర్తిగా తరిమేస్తే పొదలు కలిసిపోయి చిట్టడవి మూసుకుపోవచ్చు. అంటే కంచె వేసి తాళం పెట్టడం ఈ పిట్టకు రక్షణ కాకపోవచ్చు. చెట్టుకైతే అదే కంచె ఎంతో కొంత మేలు.

కనిపించకుండా బతికే పిట్ట

పొడవు 27 సెంటీమీటర్ల దాకా ఉండే గోధుమరంగు పిట్ట. పెద్ద కన్ను, దాని పైన తెల్లని చార, గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ, ఛాతీ మీద రెండు అడ్డపట్టీలు. వెలుతురు ఉండగా పొద కింద కదలకుండా కూర్చుంటే పక్కనుంచి నడిచి పోయినా తెలియదు. పొద్దు గుంకాక ముప్పావు గంటకు, చీకటి చిక్కబడే వేళ, కొద్ది నిమిషాలపాటు రెండు అక్షరాల కూత వేస్తుంది. ట్విక్-టూ, ట్విక్-టూ అని వరసగా. తర్వాత నిశ్శబ్దం. ఆ కొద్ది నిమిషాల్లో అక్కడ లేనివాళ్లకు ఆ అడవిలో ఈ పిట్ట లేనట్టే లెక్క.

అందుకే 1900 తర్వాత 86 ఏళ్లపాటు ఇది ఎవరికీ దొరకలేదు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ లాంటివాళ్లు వెతికించినా ఫలితం లేక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ బృందానికి కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఇది మళ్లీ దొరికింది. నిజానికి దాన్ని పట్టుకున్నది రాత్రి వేటలో చెయ్యితిరిగిన ఊరి మనిషి. పక్షిశాస్త్రం ముందు నుంచీ పగటి పిట్టగా ఊహించుకుని పగలు వెతుకుతుంటే, ఊళ్లో వేటగాళ్లకు అది రాత్రి పిట్ట అని తెలుసు. ఆ పట్టుబడ్డ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కానీ దానివల్ల 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, దాదాపు 464 చదరపు కిలోమీటర్లు.

ఇంతకీ ఈ జాతి ఒకప్పుడు ఎంతమేర ఉండేది? పాత నమూనాలు నెల్లూరు, కడప, అనంతపురం వైపు నుంచీ, గోదావరి లోయ నుంచీ వచ్చాయి. 2013లో ఇంకో ముక్క దొరికింది. స్కాట్లాండ్‌లోని ఏబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉన్న ఒక గుడ్డు కలివికోడిదేనని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. 1917లో కోలార్ ప్రాంతంలో సేకరించిన గుడ్డు అది. ఈ జాతిదని తెలిసిన గుడ్డు ప్రపంచం మొత్తానికి అదొక్కటే. కర్ణాటకలోని మెట్టనేలల్లోనూ ఇది గుడ్లు పెట్టిందంటే లంకమల దాని ఇల్లు కాదు, దానికి మిగిలిన ఆఖరి గది అనుకోవాలి.

ఐయూసీఎన్ జాబితా ప్రకారం బతికి ఉన్న పెద్ద పక్షులు 50 నుంచి 249 మధ్య ఉండొచ్చు. ఎర్రచందనానికి వాడిన కొలబద్ద ఇక్కడ లేదు. తరాల వారీగా ఎంత తగ్గిందో చెప్పడానికి మొదటి లెక్కే లేదు కదా. ఉన్నవే అతి తక్కువ అన్నది ఇక్కడ కొలత. 2000ల చివరి తర్వాత పదేళ్లకు పైగా గట్టి ఆనవాలు లేకుండానే గడిచిపోయింది. అయినా అంతరించిందని ప్రకటించడానికి నియమాలు ఒప్పుకోవు, ఒప్పుకోకూడదు కూడా. ఒకసారి 86 ఏళ్లు కనపడకుండా బతికి చూపించిన జాతి ఇది.

గొడ్డలి, ప్రొక్లెయిన్

ఎర్రచందనం నాశనానికి మూలం విదేశీ గిరాకీ. చైనాలో రాజుల కాలం నుంచీ ఈ రకం ముదురు ఎరుపు కలపతో చేసిన ఫర్నిచర్‌కు ప్రతిష్ఠ ఉంది. జపాన్‌లో సంగీత వాద్యాలకు వాడారు. రంగు కోసం యూరప్ కొన్నది. సర్కారు పట్టుబడ్డ దుంగల్ని గ్రేడ్లు కట్టి వేలం వేస్తే మేలు రకానికి టన్ను కోటి రూపాయలు దాటిన సందర్భాలున్నాయి. చట్టబద్ధమైన వేలంలోనే అంత పలికితే, దొంగదారిలో చేతులు మారేటప్పుడు ఎంత లాభమో ఊహించుకోవచ్చు.

ఆ లాభంలో నరికే కూలీకి దక్కేది చిల్లర. చాలామంది తమిళనాడు కొండ గ్రామాల నుంచి మేస్త్రీల ద్వారా వచ్చేవాళ్లు. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ సిబ్బందిని కూలీల గుంపు చంపింది. 2015 ఏప్రిల్ 7న అదే కొండల్లో పోలీసుల కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. అది నిజంగా ఎదురుకాల్పులేనా అన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. ఒక వృక్షజాతి పరిరక్షణ పేరుతో ఇన్ని ప్రాణాలు పోవడం ప్రపంచంలో అరుదు. టన్నుల కొద్దీ సరుకు కొని గోదాముల్లో దాచే మనుషులు మాత్రం ఆ కొండ ఎక్కనే ఎక్కరు.

చట్టం వైపు చూస్తే ఎర్రచందనం చుట్టూ కట్టిన గోడలు చాలానే ఉన్నాయి. ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. దుంగలు, చెక్క ముక్కలు, పొడి, సారం, ఏది సరిహద్దు దాటాలన్నా అనుమతి పత్రం ఉండాలి. ఈ వ్యాపారం జాతికి హాని చేస్తోందా అన్న ప్రత్యేక సమీక్షలో భారత్ 2004 నుంచి ఉండి, 2023లో బయటపడింది. తిరుపతి కేంద్రంగా ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ వచ్చింది. 2016లో రాష్ట్రం అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచింది. రైతులు సొంత పొలంలో ఈ చెట్టు పెంచుకోవచ్చు, కానీ అమ్మేటప్పుడు అది అడవి చెట్టు కాదని రుజువు చేసుకోవాలి. దశాబ్దాలు ఆగి కోతకు వచ్చాక కాగితాల టెన్షన్ మొదలవుతుంది. పెంచిన చెట్టు అమ్మకం తేలికైతే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందని ఒక వాదన. ఆ కాగితాల చాటున అడవి సరుకూ బయటికి పోతుందని ఎదురు వాదన. రెండింట్లోనూ నిజం ఉంది. దుంగ ఎక్కడిదో తేల్చే పరీక్ష నమ్మకంగా, చవగ్గా అందుబాటులోకి వస్తే తప్ప ఈ వాదన తెగదు.

కలివికోడి సంగతికొస్తే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పులికి ఎంత రక్షణో కాగితం మీద దీనికీ అంతే. కానీ దీన్ని వేటాడి అమ్ముకునేవాళ్లు లేరు, దీనికి మార్కెట్టే లేదు. వేటను ఆపే చట్టం, వేటే ముఖ్యమైన ముప్పు కాని జాతికి ఏం చేయగలదు? దీన్ని దెబ్బతీసేది ప్రొక్లెయిన్. అంచు భూముల్లో పొదలు తవ్వేసి చదును చేయడం, నిమ్మ తోటలు, చేలు, రోడ్లు, రాతి క్వారీలు.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ తెలుగుగంగ కాలువ. నీళ్లు వాలు మీద వాటంతటవే పారాలంటే కాలువ కొండ పాదం వెంబడి, ఒకే ఎత్తు రేఖను పట్టుకుని పోవాలి. కలివికోడి ఉండేదీ సరిగ్గా ఆ పట్టీలోనే. ఇంజినీరుకు ఆ నేల చవకైనది, ఖాళీది, తగాదా లేనిది. 2005లో తవ్వకం పిట్ట ఉన్నట్టు తెలిసిన చోట్లను కోస్తూ వచ్చింది. అభ్యంతరాలు సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్లాక దారి మార్చాల్సి వచ్చింది. ఆ పని చేసినవాళ్లెవరికీ పిట్ట మీద పగ లేదు. కరువు సీమకు నీళ్లు తేవడం అన్యాయమైన కోరికేమీ కాదు. ఎర్రచందనం కేసులో దొంగ ఉంటాడు, పట్టుకోవచ్చు. ఇక్కడ పట్టుకోవడానికి దొంగే లేడు. కావలసింది గీత గీయకముందే సర్వే పటం మీద పిట్ట ఉండే చోటు గుర్తించి ఉండటం.

ఇంకో తేడా ఉంది, పెద్దగా ఎవరూ ఆలోచించనిది. చెట్టు జాతి కొంత దెబ్బతిన్నా గింజలు దాచుకోవచ్చు, నర్సరీలో నారు పోయొచ్చు, మోడు నుంచి కొత్త కొమ్మ తీయొచ్చు. పొలాల్లో, పరిశోధనా క్షేత్రాల్లో అడవి బయట కూడా ఎర్రచందనం ఉంది. అక్కడున్నది అడవిలోని జన్యు వైవిధ్యమంతా కాదు, అయినా జాతి పేరు చెరిగిపోదు. కలివికోడికి అలాంటి రెండో ఖాతా లేదు. పెంపకం కేంద్రం పెట్టాలన్నా ముందు పిట్ట దొరకాలి, దొరికితే పట్టుకోవడమే పెద్ద ప్రమాదం.

అందుకే పిట్ట విషయంలో డబ్బు మొదట పోవలసింది వెతకడానికి. ఇప్పుడు చెట్టుకు కట్టి వదిలేస్తే నెలల తరబడి సంధ్యవేళ శబ్దాలు పట్టుకునే రికార్డర్లు ఉన్నాయి. ట్విక్-టూ లాంటి స్పష్టమైన కూతను కంప్యూటర్ వడగట్టి చూపిస్తుంది. లంకమల ఒక్కచోటే కాదు, పాత నమూనాలు వచ్చిన అనంతపురం, నెల్లూరు, కోలార్ వైపు పొదనేలల్లోనూ పెట్టాలి. ఇందులో ఎర్రచందనం అడ్డం పడే అవకాశమూ ఉంది. దొంగల భయంతో రాత్రి రాకపోకల్ని కట్టడి చేసే అడవిలో, చీకట్లో కూత వినడానికి వెళ్లే పరిశోధకుడికి దారి అంత తేలిగ్గా దొరకదు. టార్చి వెలుతురు ఎవరిదో దూరం నుంచి తెలియదు కదా. గస్తీ సిబ్బందికి ఆ కూత నేర్పి, వాళ్ల చేతికే రికార్డర్లు ఇస్తే ఒకే రాత్రి రెండు పనులు అవుతాయి.

రెండు పరిరక్షణలు ఎదురెదురుగా నిలబడే చోటు మొక్కలు నాటే కార్యక్రమం. రెవెన్యూ రికార్డుల్లో పొదనేల చాలాచోట్ల బంజరు. అటవీ లెక్కల్లో క్షీణించిన అడవి. ఎక్కడో రోడ్డుకో గనికో అడవి పోతే దానికి బదులుగా చెట్లు నాటడానికి మొదట కంటబడేది ఇలాంటి నేలే. అక్కడ పొదలు తీసేసి, వరసగా గుంతలు తవ్వి, ఎర్రచందనం నారే నాటారనుకుందాం. కాగితం మీద ప్రమాదంలో ఉన్న ఒక జాతికి మేలు జరిగినట్టు నమోదవుతుంది. కొన్నేళ్లకు నీడ కమ్ముకుని, ఖాళీ నేల మూసుకుపోయి, అంతకన్నా ప్రమాదంలో ఉన్న మరో జాతికి చోటు పోతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. లంకమల చుట్టూ కొండ పాదాల పొదనేలను అటవీ శాఖ కార్యప్రణాళికలో మొక్కలు నాటకూడని భాగంగా రాసి, నాటే పనంతా నరికివేతకు గురైన వాలు మీదికి, మోళ్ల మధ్యకు మళ్లిస్తే సరిపోతుంది.